ఏటీఎఫ్ నిబంధనలు, కాంగ్రెస్ తీర్మానాలు: తుపాకీ లైసెన్సుల పేచీ ఎక్కడ తేలుతోంది?

2017 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ తుపాకులకు సంబంధించిన ఒక ప్రభుత్వ నిబంధనను నెల తిరగకుండానే కొట్టిపారేసింది. ప్రతినిధుల సభ ఆ నెల 2న 235–180 ఓట్లతో, సెనేట్ 15న 57–43 ఓట్లతో తీర్మానాన్ని ఆమోదించగా 28న అధ్యక్షుడు ట్రంప్ దాని మీద సంతకం చేశారు. ఆరేళ్ల తరువాత, 2023 జూన్‌లో, ప్రభుత్వ సంస్థల నిబంధనలను కొట్టివేసే వీలు కాంగ్రెస్‌కు ఇచ్చిన అదే 1996 చట్టం కింద, అదే పద్ధతిలో మరో తుపాకీ నిబంధన మీద తీర్మానం వచ్చింది. అది ప్రతినిధుల సభలో 219–210తో గట్టెక్కి, సెనేట్‌లో 49–50తో వీగిపోయింది. అయినా సెనేట్‌లో ఆ కొరవడిన ఓట్లు దొరికి ఉంటే మాత్రం జరిగేదేముంది? తీర్మానం తన బల్ల మీదికి వస్తే వీటో చేస్తానని బైడెన్ ప్రభుత్వం ముందే చెప్పి ఉంది. ఒకే ఆయుధం ఒకసారి ఇట్టే పనిచేసి, మరోసారి పూర్తిగా మొరాయించడానికి కారణం ఆ రెండు నిబంధనల బాగోగుల్లో లేదు. నిబంధన వెలువడిన తేదీలోనూ, ఆ సమయానికి శ్వేతసౌధంలో ఎవరున్నారన్న దానిలోనూ ఉంది.

ఇక్కడ ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో తుపాకీ లైసెన్సు అంటే తుపాకీ దగ్గర ఉంచుకునే మనిషికి ఇచ్చే అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీస్ కమిషనర్ దాన్ని మంజూరు చేస్తారు. అమెరికా ఫెడరల్ చట్టంలో మామూలు తుపాకీ కొనుక్కునేవాడికి అటువంటి లైసెన్సు లేదు. లైసెన్సు ఉండాల్సింది అమ్మే వ్యాపారికి. కొనేవాడికి కూడా అనుమతి కావాలన్నది కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్న నియమం. అందుకే న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబం తుపాకీ కొనాలంటే ముందు రాష్ట్రం జారీచేసే గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి, టెక్సస్‌లో ఉండే వారి బంధువులకు ఆ అవసరం లేదు. కాంగ్రెస్‌కూ ప్రభుత్వ సంస్థకూ మధ్య జరుగుతున్న పేచీ చాలావరకు వ్యాపారి లైసెన్సు గురించే: ఎవరు వ్యాపారి, ఎవరు కాదు, ఆ లైసెన్సు ఎప్పుడు ఊడుతుంది?

1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ఈ లైసెన్సు విధానానికి పునాది. దాన్ని అమలు చేసే సంస్థ ఏటీఎఫ్, అంటే మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాల బ్యూరో. ఇప్పుడిది న్యాయశాఖ కింద ఉంది. డీలర్ లైసెన్సుకు మొదటి మూడేళ్లకు 200 డాలర్లు, ఆ పైన ప్రతి మూడేళ్లకు 90 డాలర్లు కట్టాలి. డబ్బు లెక్కన చూస్తే ఇది భారమేమీ కాదు. బరువంతా లైసెన్సు వెంట వచ్చే విధుల్లో ఉంది. డీలర్ ప్రతి కొనుగోలుదారుతో 4473 నంబరు ఫారం నింపించాలి, 1998 నవంబరు నుంచి నడుస్తున్న జాతీయ తనిఖీ వ్యవస్థ ద్వారా అతని పూర్వాపరాలు చూడాలి, లెక్కల పుస్తకం రాయాలి, ఏటీఎఫ్ తనిఖీదారులు వచ్చినప్పుడు అవన్నీ చూపించాలి. లైసెన్సు అక్కర్లేని ప్రైవేటు అమ్మకందారుకు ఫెడరల్ చట్టం ప్రకారం ఈ బాధ్యతల్లో ఏదీ లేదు. తుపాకీ ఉంచుకోరాదని చట్టం చెప్పిన నిషిద్ధుడని తెలిసిన మనిషికి మాత్రం అమ్మకూడదు. కాబట్టి ఎవరికి లైసెన్సు కావాలన్న గీతను కాస్త అటు జరిపితే వేలమంది తనిఖీ పరిధిలోకి వస్తారు, ఇటు జరిపితే బయటపడతారు.

ఆ 4473 ఫారంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన ప్రశ్న ఒకటి ఉంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ప్రవేశించారా అని అది అడుగుతుంది. 1998లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం ఎఫ్-1 మీద చదువుకుంటున్న విద్యార్థి, హెచ్-1బీ మీద పనిచేస్తున్న ఇంజినీరు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం నేరం. అయితే రాష్ట్రం జారీచేసిన వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. ఏటీఎఫ్ చాలాకాలం ఈ నిషేధాన్ని వీసా లేకుండా చట్టబద్ధంగా వచ్చిన విదేశీయులకు కూడా వర్తింపజేసి, చట్టంలో ఉన్నది వీసా మీద వచ్చినవారనే కదా అని న్యాయశాఖ న్యాయవాదులు తేల్చిన మీదట 2012లో తన నిబంధనను సవరించుకుంది. చట్టంలోని ఒక మాటను సంస్థ ఎలా చదివితే ఎవరు నేరస్థులవుతారో, ఎవరు కారో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనవాళ్లకు దొరకదు.

ఇక వ్యాపారి ఎవరన్న ప్రశ్నకు వద్దాం. 1968 చట్టం తుపాకుల వ్యాపారంలో ఉన్నవారికి లైసెన్సు ఉండాలన్నది కానీ వ్యాపారంలో ఉండడమంటే ఏమిటో చెప్పలేదు. చిన్నాచితకా అమ్మకాలు చేసుకునేవారిని ఏటీఎఫ్ వేధిస్తోందన్న ఫిర్యాదులు పెరిగిన మీదట 1986లో కాంగ్రెస్ ఒక నిర్వచనం ఇచ్చింది: జీవనోపాధి, లాభం ప్రధానోద్దేశంగా, పదేపదే కొని తిరిగి అమ్ముతూ, సమయమూ శ్రమా వెచ్చించేవాడు వ్యాపారి. అప్పుడప్పుడు అమ్మేవాడు, సరదా కోసం మార్చుకునేవాడు, సొంత సేకరణను వదిలించుకునేవాడు కాదు. ఎన్ని అమ్మితే వ్యాపారం అవుతుందో మాత్రం చెప్పలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా రాసిన ఆ వాక్యం మీద తరువాతి 36 ఏళ్లు కోర్టుల్లో వాదోపవాదాలు నడిచాయి.

ఆ నిర్వచనం ఎక్కడ తెగిపోయిందో 2019 ఆగస్టు 31న టెక్సస్‌లోని మిడ్‌లాండ్, ఒడెస్సా పట్టణాల్లో ఏడుగురిని కాల్చి చంపిన ఉదంతంలో కనిపించింది. కాల్పులు జరిపిన వ్యక్తి 2014లో ఒక దుకాణంలో తుపాకీ కొనబోయి తనిఖీలో తిరస్కరణకు గురయ్యాడు. తరువాత లైసెన్సు లేని ఒక ప్రైవేటు అమ్మకందారు దగ్గర, ఏ తనిఖీ లేకుండా, ఆ రైఫిల్ కొన్నాడు. ఆ అమ్మకందారు లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినట్లు నేరం ఒప్పుకుని 2021లో రెండేళ్ల జైలుశిక్ష పొందాడు. అతడికి తుపాకుల అమ్మకం జీవనోపాధి అని రుజువు చేయాల్సి వస్తే ప్రాసిక్యూషన్ పని అంత సులువుగా ఉండేది కాదు. 2022 మే 24న ఉవాల్డే పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతులైన తరువాత నెలకే రెండు పార్టీలూ కలిసి తెచ్చిన చట్టంలో, జీవనోపాధి అన్న మాట తీసేసి, ప్రధానంగా లాభం కోసం అమ్మేవాడు అని మార్చారు. సెనేట్‌లో 65–33తో నెగ్గిన ఆ బిల్లు మీద బైడెన్ జూన్ 25న సంతకం చేశారు. ఈ బిల్లును కుదిర్చిన రిపబ్లికన్లలో ముఖ్యులు టెక్సస్ సెనేటర్ జాన్ కార్నిన్, నార్త్ కరొలైనా సెనేటర్ థామ్ టిల్లిస్. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తాయి.

2023 మార్చిలో బైడెన్ ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చారు. కొత్త చట్టం అవసరం లేకుండానే, ఉన్న చట్టం అనుమతించినంత మేరకు, అన్ని అమ్మకాలకూ తనిఖీ అనే లక్ష్యానికి వీలైనంత దగ్గరగా వెళ్లాలని అందులో అటార్నీ జనరల్‌ను ఆదేశించారు. ఆ సెప్టెంబరులో ముసాయిదా వచ్చింది, దాని మీద సుమారు 3,88,000 అభిప్రాయాలు వచ్చాయి, 2024 ఏప్రిల్ 19న తుది నిబంధన ప్రచురితమై మే 20న అమల్లోకి వచ్చింది. ఎన్ని తుపాకులన్న కనీస సంఖ్య అంటూ ఏదీ ఉండదనీ, మిగతా ఆధారాలు తోడైతే ఒక్క లావాదేవీతో కూడా లైసెన్సు అవసరం కావచ్చుననీ అది చెప్పింది. కొన్న 30 రోజుల్లోపే పదేపదే తిరిగి అమ్మడం, కొత్తగా, పెట్టెలో ఉన్నది ఉన్నట్టుగా ఉన్న తుపాకులను పదేపదే అమ్మడం వంటి సందర్భాల్లో అతడు వ్యాపారి అనే ముందస్తు భావన ఏర్పడుతుందనీ, ఎదుటివారు కాదని చూపుకోవచ్చుననీ, ఇది క్రిమినల్ విచారణలకు వర్తించదనీ కూడా రాసింది. తండ్రి పోయాక వారసత్వంగా వచ్చిన తుపాకులు అమ్మేసుకునే కొడుకు దీని కిందికి రాడు. శనివారం గన్ షోలో రెండు కొత్త పిస్తోళ్లు కొని మరుసటి వారం అదే పెట్టెతో మరొకరికి అమ్మే అలవాటున్నవాడు వస్తాడు. లైసెన్సు లేకుండా అమ్ముతున్నవారు 23,000 మంది పైచిలుకు ఉండవచ్చునని ఏటీఎఫ్ అంచనా వేసింది.

దీని మీద వచ్చిన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. ప్రైవేటు అమ్మకాలకు కూడా తనిఖీ పెట్టాలన్న ప్రతిపాదనను కాంగ్రెస్ ముందు చాలాసార్లు పెట్టారు. 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో దానికి అనుకూలంగా 54 ఓట్లు వచ్చినా, ముందుకు సాగడానికి కావలసిన 60 రాకపోవడంతో వీగిపోయింది. 2019లోనూ 2021లోనూ ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులు సెనేట్‌లో కదల్లేదు. చట్టసభ ఇన్నిసార్లు ఇవ్వనిదాన్ని దొడ్డిదారిన నిబంధనగా తెచ్చారన్నది ప్రత్యర్థుల వాదన. 2022లో కాంగ్రెస్ ఉద్దేశపూర్వకంగానే నిర్వచనాన్ని విశాలం చేసింది కదా, దానికి అర్థం చెప్పడం సంస్థ బాధ్యత కాదా అన్నది ఏటీఎఫ్ వైపు వాదన. నా దృష్టిలో రెండూ కొంత నిజమే: తనిఖీల పరిధి పెంచడానికి 2022 చట్టంలో ఆధారం ఉంది, కానీ సొంత రక్షణ కోసం కొనుక్కున్న తుపాకులు సొంత సేకరణ కిందికి రావన్న వాక్యం వంటివి ఆ చట్టం నుంచి పుట్టినవి కావు. కార్నిన్, టిల్లిస్ కూడా తాము కుదిర్చిన చట్టాన్ని సంస్థ వక్రీకరించిందంటూ ఆ నిబంధనను రద్దు చేయాలని సెనేట్‌లో తీర్మానం ప్రవేశపెట్టారు. జార్జియా ప్రతినిధి ఆండ్రూ క్లైడ్ కింది సభలో అదే పని చేశారు. ఆయన స్వయంగా తుపాకుల దుకాణం యజమాని.

ఆ తీర్మానాలకు ఆధారం 1996లో వచ్చిన కాంగ్రెషనల్ రివ్యూ యాక్ట్. దీనికి ముందు చాలా చట్టాల్లో, సంస్థ చేసిన పని నచ్చకపోతే కాంగ్రెస్ అధ్యక్షుడితో నిమిత్తం లేకుండా తానే కొట్టివేసే వీలు రాసుకునేది. 1983లో చాదా కేసులో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చట్టం చేయాలన్నా, చట్టంతో సమానమైన పని చేయాలన్నా రెండు సభలూ ఆమోదించి అధ్యక్షుడి ముందుకు పంపాల్సిందే. ఆ తీర్పుకు లోబడి 1996 చట్టం రాశారు. దాని ప్రకారం ప్రతి సంస్థా తన తుది నిబంధనను రెండు సభలకూ, కాంగ్రెస్ లెక్కల తనిఖీ సంస్థకూ పంపాలి. సభలు నడిచే రోజుల లెక్కన 60 రోజుల గడువులో తిరస్కార తీర్మానం తేవచ్చు. సెనేట్‌లో 30 మంది సంతకం చేస్తే దాన్ని కమిటీ నుంచి బయటికి లాగవచ్చు, చర్చ పది గంటలకు మించదు, 60 ఓట్ల అడ్డంకి ఉండదు, మామూలు మెజారిటీ చాలు. తీర్మానం చట్టమైతే ఆ నిబంధన పోవడమే కాక, కాంగ్రెస్ కొత్తగా చట్టం చేస్తే తప్ప దానిని పోలిన మరో నిబంధనను ఆ సంస్థ ఎన్నటికీ తేకూడదు.

వినడానికి ఇది చాలా పదునైన ఆయుధం. అయితే తన కింది సంస్థ చేసిన నిబంధనను రద్దు చేస్తూ ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి, తుపాకుల విషయంలో అది పగటి కల. ఇక మిగిలేది ఒక్క సందర్భం. దిగిపోతున్న అధ్యక్షుడు ఆఖరి నెలల్లో తెచ్చిన నిబంధనలను, కొత్తగా కూర్చున్న కాంగ్రెస్ మళ్లీ మొదటినుంచి గడువు లెక్కపెట్టుకుని పరిశీలించే వీలు ఆ చట్టంలోనే ఉంది. పార్టీ మారి, అధ్యక్ష పదవీ రెండు సభలూ ఒకే చేతికి వచ్చినప్పుడు మాత్రమే ఇది నిజంగా తెగుతుంది. 2001లో, 2017లో, 2021లో జరిగింది అదే.

2017లో కొట్టేసిన తుపాకీ నిబంధన సరిగ్గా ఆ కిటికీలో చిక్కింది. వర్జీనియా టెక్‌లో 2007లో 32 మంది హత్యకు గురైన తరువాత, నిషిద్ధుల పేర్లు తనిఖీ వ్యవస్థకు అందించాలని ప్రభుత్వ సంస్థలకు కాంగ్రెస్ చట్టం ద్వారా చెప్పింది. దాని కొనసాగింపుగా సోషల్ సెక్యూరిటీ సంస్థ, మానసిక వైకల్యం కారణంగా భృతి పొందుతూ, ఆ డబ్బు వ్యవహారం తామే చూసుకోలేక మరొకరిని ప్రతినిధిగా పెట్టుకున్నవారి పేర్లు పంపుతామంటూ 2016 డిసెంబరు 19న నిబంధన ప్రచురించింది. ఏటా దాదాపు 75,000 మంది పేర్లు చేరవచ్చని అంచనా వేశారు. దీన్ని వ్యతిరేకించినవారిలో తుపాకీ సంఘాలతో పాటు పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ, వికలాంగుల హక్కుల సంఘాలు కూడా ఉన్నాయన్నది చాలామంది మరిచిపోయే విషయం. బ్యాంకు లెక్కలు చూసుకోలేని మనిషి ప్రమాదకరమైన మనిషి అనడానికి ఆధారమేదని వారు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో బలముంది. కానీ తీర్మానం నెగ్గడానికి ఆ బలం ఒక్కటే కారణమని అనుకోలేం. నిబంధన డిసెంబరులో వచ్చింది, జనవరిలో ప్రభుత్వం మారింది.

2023 నాటి పిస్టల్ బ్రేస్ నిబంధనకు ఆ అదృష్టమో దురదృష్టమో పట్టలేదు. బ్రేస్ అంటే పెద్ద పిస్టల్‌ను ముంజేతికి కట్టుకుని ఒక చేత్తో కాల్చడానికి, మొదట చేతులు సరిగా పనిచేయని మాజీ సైనికుల కోసం రూపొందించిన ఉపకరణం. జనం దాన్ని భుజానికి ఆనించి కాల్చడం అలవాటు చేసుకున్నారు. అలా వాడేది పొట్టి గొట్టం రైఫిల్ కిందికే వస్తుందనీ, కొన్ని రకాల ఆయుధాలకు పన్ను, నమోదు విధించిన 1934 చట్టం ప్రకారం దాన్ని నమోదు చేయించాలనీ 2023 జనవరి 31న ఏటీఎఫ్ నిబంధన తెచ్చింది. అంతకుముందు ఏళ్లలో ఇదే సంస్థ చాలా బ్రేస్‌లకు అభ్యంతరం లేదని లేఖలు ఇచ్చింది. మే 31లోగా పన్ను లేకుండా నమోదు చేసుకోవచ్చన్నారు. కనీసం 30 లక్షల బ్రేస్‌లు జనం దగ్గర ఉన్నాయని ఏటీఎఫ్ స్వయంగా లెక్కగట్టగా, వచ్చిన దరఖాస్తులు రెండున్నర లక్షలు మాత్రమే. ప్రతినిధుల సభ జూన్ 13న తిరస్కార తీర్మానం ఆమోదించింది, 22న సెనేట్‌లో అది ఆగిపోయింది. ఆ నిబంధనను చివరికి కొట్టేసింది టెక్సస్‌లోని ఫెడరల్ జడ్జి రీడ్ ఓకానర్. ఆ తీర్పు తేదీ 2024 జూన్ 13. ప్రతినిధుల సభ ఓటు వేసి సరిగ్గా ఏడాది.

వ్యాపారి నిర్వచనం విషయంలోనూ కథ కోర్టుకే చేరింది. నిబంధన అమల్లోకి రావడానికి ముందు రోజు, మే 19న, టెక్సస్ ఆమరిల్లోలోని జడ్జి మాథ్యూ కాజ్మారిక్ దానికి తాత్కాలికంగా బ్రేకు వేశారు. జూన్ 11న ఆ నిలుపుదలను టెక్సస్, లూసియానా, మిసిసిపీ, యూటా రాష్ట్రాలకూ, దావా వేసిన సంఘాల సభ్యులకూ పొడిగించారు. అదే నెల 28న సుప్రీంకోర్టు మరో కేసులో, చట్టంలో అస్పష్టత ఉంటే సంస్థ చెప్పిన అర్థాన్ని కోర్టులు గౌరవించాలన్న 1984 నాటి సూత్రాన్ని తోసిపుచ్చింది. దాంతో చట్టానికి తాను చెప్పిన అర్థం సమంజసమైనది అంటే సరిపోయే కాలం ఏటీఎఫ్‌కు పోయింది, అదే సరైన అర్థమని కోర్టును ఒప్పించాలి. ఒప్పించడం అసాధ్యమని కూడా అనలేం. 2025 మార్చి 26న, విడిభాగాల కిట్లతో ఇంట్లో కూర్చుకునే తుపాకులను లైసెన్సు, నంబరు నియమాల కిందికి తెచ్చిన 2022 నిబంధనను సుప్రీంకోర్టు 7–2తో నిలబెట్టింది. తుపాకీని గబగబా పేలేలా చేసే బంప్ స్టాక్ ఉపకరణాలను మెషిన్ గన్‌లుగా పరిగణించిన నిబంధనను మాత్రం 2024 జూన్ 14న 6–3తో కొట్టేసింది. ఆ నిబంధన తెచ్చింది ట్రంప్ మొదటి ప్రభుత్వమే.

2025 జనవరిలో రిపబ్లికన్ల చేతికి రెండు సభలూ, అధ్యక్ష పదవీ వచ్చినప్పుడు వ్యాపారి నిబంధనను 2017లో మాదిరిగానే ఎందుకు ఊడ్చేయలేదని ఎవరైనా అడగవచ్చు. జవాబు క్యాలెండరులో ఉంది. వెనుదిరిగి చూసే గడువు 2024 ఆగస్టు నుంచి అందిన నిబంధనలకే వర్తించింది. ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన ఆ గీతకు ఇవతల, భద్రంగా ఉండిపోయింది. ఎన్నికల ఏడాదిలో వసంతం దాటకుండా పెద్ద నిబంధనలన్నీ ముగించాలని వాషింగ్టన్‌లోని ప్రతి ప్రభుత్వమూ ఆరాటపడేది ఇందుకే. ఫలితంగా ట్రంప్ వేరే దారి పట్టారు: 2025 ఫిబ్రవరి 7న కార్యనిర్వాహక ఉత్తర్వుతో అటార్నీ జనరల్‌ను పాత నిబంధనలన్నీ సమీక్షించమన్నారు. ఏప్రిల్ 7న న్యాయశాఖ బ్రేస్, వ్యాపారి నిబంధనల సమీక్షను ప్రకటించింది. అదే రోజు, తీవ్రమైన తప్పు ఒక్కటి దొరికినా డీలర్ లైసెన్సు రద్దు చేయాలన్న 2021 నాటి ‘జీరో టాలరెన్స్’ విధానాన్ని ఎత్తేసింది. ఆ విధానం సంస్థ అంతర్గత ఆదేశం కాబట్టి ఒక్క కలంపోటుతో పోయింది. దాని మీద కూడా కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టారు కానీ వాటి అవసరం పడలేదు.

చట్టసభకు నిజంగా చేతికందే ఆయుధం మరొకటుంది, అది ఖజానా. 1978లో డీలర్లు మూడు నెలలకోసారి అమ్మకాల వివరాలు పంపాలని ఏటీఎఫ్ ముసాయిదా తెచ్చినప్పుడు, ఆ పనికి అయ్యే ఖర్చుగా చెప్పిన 42 లక్షల డాలర్లను కాంగ్రెస్ బడ్జెట్లో కోసేసి, డీలర్ల రికార్డులను ఒక్కచోట చేర్చడానికి పైసా ఖర్చు పెట్టకూడదని షరతు పెట్టింది. ఆ తరహా షరతు నేటికీ నడుస్తోంది. దుకాణం మూసేసిన డీలర్ల కాగితాలు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ కేంద్రానికి చేరతాయి. వాటిని స్కాన్ చేస్తారు, కానీ కొన్నవారి పేరు కొట్టి వెతికేందుకు వీలుండకూడదు. ఒక హత్యలో దొరికిన తుపాకీ ఎవరిదో తెలుసుకోవాలంటే అక్కడి ఉద్యోగి తెర మీద ఒక్కో పేజీ తిప్పుకుంటూ చూడాలి. 1992 నుంచి మరో షరతు ఉంది: శిక్షల కారణంగా తుపాకీ హక్కు కోల్పోయిన వ్యక్తులు దాన్ని తిరిగి కోరుతూ పెట్టే దరఖాస్తులను పరిశీలించడానికి ఏటీఎఫ్ డబ్బు వాడరాదు. చట్టంలో ఆ హక్కు అలాగే ఉంది, పరిశీలించేవారే లేకపోయారు. 2025 మార్చిలో న్యాయశాఖ ఆ అధికారాన్ని ఏటీఎఫ్ నుంచి తప్పించి అటార్నీ జనరల్ చేతికి మార్చుకుని షరతును పక్కనుంచి దాటింది.

బడ్జెట్ దారికీ ఒక హద్దు ఉందని 2025 జూలై 4న చట్టమైన పెద్ద పన్నుల బిల్లు చూపింది. సైలెన్సర్లనూ పొట్టి రైఫిళ్లనూ 1934 చట్టం నుంచి పూర్తిగా తప్పించాలని ప్రతిపాదకులు చూశారు. 60 ఓట్లు లేకుండా నెగ్గే బడ్జెట్ బిల్లులో పన్నులు, ఖర్చులు తప్ప వేరే విధానాలు ఇమడవని సెనేట్ పార్లమెంటేరియన్, అంటే సభా నియమాల సలహాదారు, అభ్యంతరం చెప్పారు. చివరికి వాటి మీద ఆ చట్టం వేసిన, 1934 నుంచి ఒక్క డాలరు కూడా పెరగని 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేయగలిగారు, నమోదు మాత్రం మిగిలింది. పన్ను వేసే అధికారం మీద ఆధారపడి నిలిచిన చట్టానికి పన్నే లేకపోతే నమోదు ఎలా నిలుస్తుందంటూ వెంటనే దావాలు పడ్డాయి.

మన పద్ధతితో పోల్చి చూసేవారికి ఇదంతా వింతగా తోస్తుంది. ఆయుధాల చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం కేంద్రం చేసే ప్రతి నిబంధననూ పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒప్పుకుంటే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు, రాష్ట్రపతి సంతకం ప్రసక్తి లేదు. 2016 ఆయుధాల నిబంధనలు కూడా ఆ షరతుకు లోబడినవే. కాగితం మీద మన పార్లమెంటుకు ఉన్న అధికారం అమెరికా కాంగ్రెస్‌కు ఉన్నదానికన్నా ఎక్కువ. కానీ నిబంధన చేసిన ప్రభుత్వానికే లోక్‌సభలో మెజారిటీ ఉంటుంది కాబట్టి ఆ అధికారం వాడే అవసరం దాదాపు ఎన్నడూ రాదు. అక్కడ అధ్యక్షుడు, ఇక్కడ మెజారిటీ.

వ్యాపారి నిబంధనను రద్దు చేయాలన్నా న్యాయశాఖ అదే మెట్లు దిగాలి: ముసాయిదా ప్రచురించాలి, అభిప్రాయాలు సేకరించాలి, గతంలో తానే చూపిన కారణాలు ఇప్పుడెందుకు చెల్లవో రాతపూర్వకంగా వివరించాలి, ఆ పైన వచ్చే దావాలను ఎదుర్కోవాలి. 2022 చట్టంలో మారిన నిర్వచనం మాత్రం ఏ నిబంధన ఉన్నా పోయినా పుస్తకంలో అలాగే ఉంటుంది, లాభం కోసం లైసెన్సు లేకుండా అమ్మేవారి మీద ఐదేళ్ల వరకు శిక్ష పడే కేసు పెట్టడానికి అది చాలు. ఇక రద్దు చేస్తూ తెచ్చే ఉత్తర్వు కూడా 1996 చట్టం దృష్టిలో నిబంధనే. దాన్నీ రెండు సభలకు పంపాలి, దాని మీదా 60 రోజుల గడువు మొదలవుతుంది, ఈసారి డెమొక్రాట్లు తిరస్కార తీర్మానం పెట్టవచ్చు, 30 సంతకాలతో సెనేట్‌లో ఓటింగుకు లాగనూ వచ్చు. అది నెగ్గినా దాన్ని వీటో చేసే అధ్యక్షుడు ఆ రద్దును కోరినవాడే.